బెల్టు వైపు నుంచి మూడోది

3, సోమవారం

ఆయన మాట్లాడారు.

పొద్దున బండి స్టార్ట్ చేస్తే ఎప్పటిలాగే టకటకటక. బోనెట్ కింద ఎవరో కూర్చుని చెంచాతో గిన్నె కొడుతున్నట్టు. రివర్సు గేరు వేయబోతుంటే పడకగది కిటికీలోంచి గొంతు వినిపించింది.

"అది లిఫ్టర్."

ఒక్క క్షణం ఆ గొంతు ఎవరిదో అర్థం కాలేదు. మా ఆయన పనిచేసే నూలు మిల్లు మూసేసిన దగ్గర్నుంచీ ఆ నోట "ఊఁ", "వద్దు" తప్ప మూడో మాట వినలేదు నేను. ఇంజిన్ ఆపి కిటికీ దగ్గరికి పరిగెత్తాను. గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నారు.

"ఏమన్నారు?"

"వాల్వ్ లిఫ్టర్ కొట్టుకుంటోంది. వినపడ్డంలేదూ? ఎన్నాళ్ళ నుంచి నడుపుతున్నావ్ ఇలా?"

ఎన్నాళ్ళ నుంచా! మీరు మంచం ఎక్కిన దగ్గర్నుంచీ, అనబోయి మింగేశాను. నా నోటి సంగతి నాకు తెలుసు. మెకానిక్‌కి చూపిస్తానులెండి అన్నాను.

"మెకానిక్ ఎందుకు?" అని దుప్పటి ముఖం మీదికి లాక్కున్నారు.

డ్రైవింగ్ క్లాసుకి ఆలస్యమైంది. రెండో గేరు గారు అప్పటికే రోడ్డు మీద నిలబడి వాచీ చూసుకుంటున్నారు. పాపం, ఆవిడకి నేను ఆ పేరు పెట్టానని తెలియదు. బడిలో లెక్కలు చెప్పే మనిషి, యాభై దాటాక స్టీరింగ్ పట్టింది, రెండో గేరు దాటి ఎక్కనంటుంది.

మెకానిక్ ఎందుకు అన్నారు. అంటే ఏమిటి? దారి పొడుగునా అదే ఆలోచన. సిగ్నల్ దగ్గర రెండో గేరు గారు ముందు బండికి ముద్దుపెట్టబోయారు. నా వైపు ఉన్న బ్రేకు తొక్కి ఆపాను.

4, మంగళవారం

లేచారు. వసారా మెట్ల దాకా వచ్చారు. అక్కణ్ణుంచి బండి దాకా!

అత్తయ్య తలుపు చాటున నిలబడి చీర కొంగు నోట్లో కుక్కుకున్నారు. "ఏమే, నా కొడుకు ఎండలోకొచ్చాడే" అంటూ నన్ను గిల్లారు. "మాట్లాడకండి, భయపడి లోపలికి పోతారు" అన్నాను. పిట్టని చూస్తున్నట్టు చూశాం ఇద్దరం, ఊపిరి బిగబట్టి.

ముందు ఆయిల్ చూశారు. సరిగ్గానే ఉంది, మొన్ననే మార్పించాను. తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవర్ తెమ్మన్నారు. దాని మొన ఇంజిన్ పైమూత మీద ఆనించి, పిడి చెవి ముందున్న ఎముకకి అదిమిపెట్టి, కళ్ళు మూసుకున్నారు. ఒక్కొక్క చోటా ఆగుతూ జరిపారు. మిల్లులో దారం వడికే కదుళ్ళ వరుసల మధ్య నడుస్తూనే ఏ కదురు తేడాగా తిరుగుతోందో చెప్పేవారట. నేను చూడలేదు ఎప్పుడూ. ఇంటికొచ్చేసరికి అలిసిపోయి ఉండేవారు, అంతే తెలుసు.

"ఇదీ" అన్నారు. "బెల్టు వైపు నుంచి మూడోది. నువ్వూ విను."

నేనూ చెవి పెట్టాను. మిగతా చోట్ల గుసగుసలు. అక్కడ మాత్రం సుత్తి దెబ్బ.

లిఫ్టర్ అంటే ఏమిటో చెప్పారు. వాల్వుని తెరిచే మీట కింద దన్నుగా నిలబడే చిన్న ఇనుప గొట్టమట. లోపల ఆయిల్ నిండి గట్టిగా ఉండాలి. ఆయిల్ నిలవకపోతే మెత్తబడిపోతుంది, సందు పడుతుంది, ఇనుమూ ఇనుమూ కొట్టుకుంటాయి. అన్ని మాటలు వరసగా చెప్పారు. నేను ఊఁ కొడుతూ ఆయన ముఖమే చూశాను. సగం అర్థం కాలేదు.

5, బుధవారం

ఆయనే విప్పుతానంటున్నారు. ఇంట్లోనే. వాకిట్లోనే.

నా బండిని.

కార్లు ఎప్పుడైనా విప్పారా అంటే, మిల్లు మెషీన్ల ముందు ఇదెంత అన్నారు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఈ ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ బండి తిరగబట్టి. దాని నెత్తి మీద బోర్డు నాది, నేర్పేది నేను, రోడ్డు మీద బూతులు తినేది నేను. విప్పి మళ్ళీ బిగించలేకపోతే?

అత్తయ్యతో అంటే, "విప్పనీవే" అన్నారు.

"పాడైతే అత్తయ్యా?"

"బండి పాడైతే బాగుచేసేవాళ్ళు ఉంటారు" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

సరే, రాసేస్తున్నాను, రాస్తే వెనక్కి తగ్గలేను. బండి పోతే పోనీ. ఈ మనిషి మళ్ళీ మంచం ఎక్కకూడదు. నాకు కావలసింది అదొక్కటే. ఇంకేమీ వద్దు.

(బండి కూడా పోకూడదు.)

క్లాసులన్నీ ఆదివారం దాకా లేవని అందరికీ ఫోన్లు చేశాను. జ్వరం అని చెప్పాను. ఎవరికి అని ఎవరూ అడగలేదు.

6, గురువారం

పైమూత తీశారు. లోపల నల్లగా, జిగురుగా ఉంది. ఒకరి పొట్ట కోసి చూపించినట్టుంది.

అయస్కాంతం పెట్టి లిఫ్టర్లు ఒక్కొక్కటే పైకి లాగారు. ఎనిమిది. ఎక్కడ పెట్టారయ్యా అంటే నా టీ ట్రేలో! నేను నోరు తెరిచేలోపు పేపరు పరిచి, తీసిన వరసలోనే బారుగా నిలబెట్టారు. దేని గుంటలోది దానికే వెళ్ళాలట, ఒకదాని చోట ఇంకోటి పెడితే అరుగుదల కుదరదట. గుర్తేమైనా పెట్టుకోరా అంటే నవ్వారు. నవ్వారు! "ఇరవయ్యేళ్ళు వరసల మధ్య బతికినవాణ్ణే, నాకు గుర్తెందుకు? మిల్లులో ఒకడి వరస ఇంకొకడు ముట్టుకోడు" అన్నారు.

బొటనవేలితో ఒక్కొక్కదాని నెత్తి మీదా నొక్కి చూశారు. రాళ్ళలా ఉన్నాయి. మూడోది మాత్రం స్పాంజిలా లోపలికి దిగింది. నా చేత కూడా నొక్కించారు. "తెలిసిందా? మనం స్క్రూడ్రైవర్‌తో విన్నది దీన్నే" అన్నారు. మనం అన్నారు.

భోజనానికి పిలిచాను. ఇవాళ బల్ల దగ్గర కూర్చుని తిన్నారు, పళ్ళెం మంచం మీదికి తెమ్మనలేదు. ఆయన తింటుంటే నాకు చేతులు ఊరికే ఉండలేదు. వసారా అంతా ఆయిలు మరకలు, సబ్బునీళ్ళు పోసి కడిగి పారేశాను. ట్రే ఎత్తి కిటికీలో పెట్టి, నేల ఆరాక మళ్ళీ దించాను. నా టీ ట్రే ఇక టీకి పనికిరాదు.

చెయ్యి కడుక్కుని వచ్చి మూడోదాన్ని తీసి కిటికీ గట్టు మీద నిలబెట్టారు. "దొంగ దొరికాడు. నువ్వెళ్ళి ఇలాంటిదే కొత్తది పట్రా" అన్నారు.

అరిచేతిలో పెట్టుకుని షాపుకి వెళ్ళాను. షాపు పెద్దమనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి, "మెకానిక్ ఎవరమ్మా?" అన్నాడు. "మా ఇంటాయన" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో! పెళ్ళైన కొత్తల్లో కూడా అంత గర్వంగా చెప్పి ఉండను.

7, శుక్రవారం

కొత్తదాన్ని రాత్రంతా ఆయిల్లో నానబెట్టారు, స్టీలు గ్లాసులో. అత్తయ్య పొద్దున్నే కషాయమనుకుని ఎత్తబోయారు. "నాకు పోసినా బాగుండేదే, మోకాళ్ళ టకటక పోయేది" అన్నారు. ఆయన పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు చూసి అత్తయ్య ఆ జోకు మధ్యాహ్నం దాకా ఇంకో నాలుగుసార్లు చెప్పారు.

బిగింపు మొదలైంది. స్పానర్ అందిస్తున్నాను. ఏది అడిగినా తప్పుదే ఇస్తున్నాను.

8, శనివారం

సాయంత్రానికి అయిపోయింది. కొత్త గ్యాస్కెట్, అదే రబ్బరు పట్టీ, వేసి పైమూత బిగించారు. నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోమన్నారు. తాళం తిప్పాను.

టకటకటకటక.

చప్పున ఆయన ముఖం కేసి చూశాను. ఆయన మాత్రం తొణకలేదు. "విప్పి బిగించాం కదా, లోపల గాలుంటుంది. కాసేపు తిరిగితే ఆయిలు నిండి సద్దుకుంటుంది. ఒక చుట్టు తిప్పుకురా."

"మీరూ రండి."

"వద్దు" అన్నారు. గేటు వైపు చూసి చూపు తిప్పేసుకున్నారు. మిల్లు మూసిన రోజు లోపలికొచ్చిన మనిషి, మళ్ళీ ఆ గేటు దాటలేదు. బలవంతపెట్టలేదు నేను.

పార్కు దాకా వెళ్ళాను. టకటక. వంతెన దాకా వెళ్ళాను. టకటక. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్లో తోలాను, బతిమాలాను, తిట్టాను. అదే చప్పుడు. ఇంటి వైపు తిప్పాను.

మా సందు మలుపు దగ్గరే బండి ఆపేశాను. ఎందుకు ఆపానో నాకు నిజంగా తెలియదు. చెట్టు నీడ ఉంది అక్కడ, అందుకే అనుకుంటా. నడిచి వచ్చాను. ఆయన వసారాలో నిలబడి ఉన్నారు. చెంప మీద గ్రీజు మరక. ఎదురుచూస్తున్న ముఖం. ఆ ముఖం చూసి ఎన్నాళ్ళైందో.

"ఏమైంది?"

"పోయింది" అన్నాను.

9, ఆదివారం

గడ్డం గీసుకున్నారు.

10, సోమవారం

రేపో ఎల్లుండో అదే పోతుంది. గాలే అన్నారు కదా. గాలి ఎప్పటికైనా పోవాల్సిందే. కాబట్టి నేను చెప్పింది అబద్ధం కాదు, కాస్త ముందుగా చెప్పానంతే.

బండి సందు మలుపులోనే పెడుతున్నాను. ఇంటి ముందు ఎండ, రంగు వెలిసిపోతుందన్నాను. ఇన్నేళ్ళూ వెలవని రంగు ఇప్పుడు వెలుస్తుందా అని ఆయన అడగలేదు.

12, బుధవారం

ఫ్యాన్ బాగుచేశారు. వంటింటి కుళాయి బాగుచేశారు. కిర్రుమనే మంచం కోళ్ళు బిగించారు. పక్కింటాయన నీళ్ళ మోటారు పట్టుకొచ్చి వసారాలో పెట్టి వెళ్ళాడు. అది కూడా విప్పారు. పాత లిఫ్టర్ని తుడిచి తళతళలాడించి కిటికీ గట్టు మీద నిలబెట్టారు. ఎవరొచ్చినా చూపిస్తున్నారు.

బండిలో రేడియో గట్టిగా పెడితే చప్పుడు వినిపించదు.

13, గురువారం

అత్తయ్యని కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. రేడియో పెట్టాను. "తల నొప్పే, కట్టెయ్" అని ఆవిడే కట్టేశారు. సందు దాటకుండానే మొదలుపెట్టారు.

"ఏమే, ఇంకా టకటకమంటోందేమే?"

"లేదత్తయ్యా."

"నాకు కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదే."

బండి పక్కకి ఆపి చేతులు పట్టుకున్నాను. చెప్పొద్దు అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను, బల్ల దగ్గర కూర్చుని తింటున్నారు, చెప్తే మళ్ళీ గోడ వైపు తిరుగుతారు అన్నాను. ఏడ్చేశాను కూడా. ఆవిడ నోట నువ్వుగింజ నానదు, ఆ సంగతి వీధంతటికీ తెలుసు. ఇంటికొచ్చాక ఆవిడ పక్కనుంచి కదల్లేదు నేను.

ఆయన అడిగారు, "బండి ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అని.

"హాయిగా నిద్రొచ్చిందిరా" అన్నారు అత్తయ్య.

తర్వాత నా వైపు ఒక చూపు చూశారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

14, శుక్రవారం

ఇవాళ తగ్గింది. రేడియో కట్టేసి విన్నాను. కచ్చితంగా తగ్గింది.

15, శనివారం

తగ్గలేదు. పెరిగింది. వంతెన ఎక్కేటప్పుడు పాదాల్లోకి కూడా తెలుస్తోంది. ఇంజిన్ మొత్తం పోతే ఏం చెప్తాను? చప్పుడేమీ లేకుండా ఉన్నట్టుండి పోయిందనాలా? మెకానిక్ దగ్గరికి చాటుగా తీసుకెళ్దామంటే, ఈ ఊళ్ళో ఏ మెకానిక్ అయినా సాయంత్రానికి ఆయనకి చెప్పేస్తాడు.

అబద్ధం ఒక్కటే చెప్పాను. రోజూ దాన్నే చెప్తున్నాను.

17, సోమవారం

అయిపోయింది.

రెండో గేరు గారికి బుధవారం లైసెన్సు పరీక్ష. ఎప్పుడూ ఇంటికి రాని మనిషి ఇవాళ గేటు తీసుకుని వచ్చారు, ఏ కాగితాలు తేవాలో అడగడానికి. నేను వంటింట్లో ఉన్నాను. ఆయన వసారాలో మోటారు ముందు కూర్చుని ఉన్నారు. కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు, లిఫ్టర్ చూపించారు. అన్నీ వినిపిస్తున్నాయి నాకు. గరిటె పట్టుకునే పరిగెత్తాను. నేను చేరేలోపే అనేశారు.

"ఓహో, మీరే బాగుచేశారా సార్? మరి ఆ టకటక ఇంకా వస్తూనే ఉందే. పరీక్షలో ఏమైనా అంటారా అని భయంగా ఉంది."

ఆయన లిఫ్టర్‌ని చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆవిడ మా ఇద్దరి ముఖాలూ చూసి, మంచినీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయారు.

"ఎప్పటి నుంచి?" అన్నారు.

"ఏవండీ..."

"ఒక్కరోజైనా ఆగిందా?"

"లేదు."

అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. మెల్లగా అన్నారు: "పక్కింటాయన మోటారు తీసుకున్నానే. ఇప్పుడు ఆవిడకి కూడా లిఫ్టర్ చూపించానే. నన్ను చిన్నపిల్లాణ్ణి చేసి చప్పట్లు కొట్టారన్నమాట మీరంతా."

నేను మీ కోసమే అన్నాను. ఇంతకన్నా చెత్త మాట ఇంకేదీ దొరకలేదు నాకు.

లిఫ్టర్ని కిటికీ గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళారు. మంచం కిర్రుమనలేదు. బిగించారు కదా.

18, మంగళవారం

లేవలేదు.

19, బుధవారం

లేవలేదు. పళ్ళెం అలాగే వెనక్కి వచ్చింది.

రెండో గేరు గారు పరీక్షలో మూడో గేరు వేశారు. పాసయ్యారు. నా చేతులు పట్టుకుని ఊపేశారు. ఏం నవ్వానో నాకే తెలియదు.

అత్తయ్య ఇవాళ అన్నారు: "నేనూ అబద్ధమాడాను కదే. నాకెందుకు రాలేదే ఆ బుద్ధి, ఆ రోజే చెప్పేద్దామని?" నా మీద కోపపడితే తట్టుకునేదాన్ని. ఆవిడ తన మీద కోపపడుతున్నారు.

20, గురువారం

పొద్దున లేచేసరికి నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియదు. అందరి మీదా. నా మీద ఎక్కువ.

సందు మలుపులోంచి బండి తెచ్చి సరిగ్గా పడకగది కిటికీ కింద పెట్టాను. ఇంజిన్ ఆపలేదు. టకటకటకటక. కిటికీ అద్దాలు అదిరేలా. "ఇదిగో, ఉంది! విన్నారా? ఉంది! అబద్ధం చెప్పాను, ఒప్పుకుంటున్నాను! దీన్ని ఇప్పుడు నేనే విప్పుతాను!" అని అరిచాను. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. తెరుచుకోనీ.

ఇంజిన్ ఆపి బోనెట్ ఎత్తి, స్పానర్ల డబ్బా బోర్లించాను. ఆయన్ని లేపడానికి నాటకమాడానని అత్తయ్య అనుకుంటున్నారు. నాటకం కాదు. నిజంగానే విప్పుదామనుకున్నాను. చేతికి దొరికిన స్పానర్ పైమూత బోల్టుకి తగిలించి బలమంతా పెట్టి తిప్పాను. గర్రుమని జారింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ జారింది.

"అది పన్నెండు." వెనక నుంచి గొంతు. "అక్కడ పదో నంబరు పడుతుంది. బోల్టు తలకాయ తినేస్తున్నావ్."

వెనక్కి తిరగలేదు నేను. తిరిగితే ఏడుస్తానని తెలుసు. "అయితే మీరే ఇవ్వండి" అన్నాను.

ఇచ్చారు. తర్వాత నన్ను పక్కకి తోశారు. మెల్లగా కాదు, గట్టిగానే. "స్టార్ట్ చెయ్. విప్పేముందు వినొద్దూ?" అని కసిరారు. ఆ కసురు నాకు తేనెలా ఉంది.

స్క్రూడ్రైవర్ మూడో చోట ఆనించారు. ముఖం చిట్లించారు. జరిపారు. మళ్ళీ మూడో చోటికి వచ్చారు. "ఇక్కడ లేదు" అన్నారు. ముందుకి జరుపుతూ పోయి ఒక చోట ఆగిపోయారు. వేలు పెట్టి లెక్కపెట్టారు. బెల్టు వైపు నుంచి ఆరోది. అవతలి వైపు నుంచి లెక్కపెట్టారు. మూడోది.

లోపలికి వెళ్ళి కిటికీ గట్టు మీది లిఫ్టర్ తెచ్చి బొటనవేలితో నొక్కారు. రాయి. ఇంకోసారి నొక్కారు. నా చేతికిచ్చారు. నేను నొక్కాను. రాయే.

"ఇది మంచిది. మంచిదాన్ని తీసేసి చెడ్డదాన్ని లోపల పెట్టాను." స్క్రూడ్రైవర్ నేల మీద పెట్టి మెట్టు మీద కూర్చున్నారు. "ఎనిమిది వరకు లెక్కపెట్టడం కూడా రావట్లేదు నాకు. ఇక దేనికి పనికొస్తాను."

మళ్ళీ ఆ గొంతు. గోడ వైపు తిరిగిన గొంతు. అటు నుంచి మూడోది, ఇటు నుంచి మూడోది అని నా నోట్లో నేనే గొణుక్కుంటున్నాను. అటు ఎలా ఇటైంది? ఇటైతే... ట్రే!

"ట్రే తిప్పింది నేనే!" అన్నాను. "మీరు అన్నం తింటుంటే వసారా కడిగాను. ఎత్తి కిటికీలో పెట్టాను, మళ్ళీ దించాను. అటుది ఇటు, ఇటుది అటు పెట్టేసుంటాను. టీ ట్రేకి తలా తోకా ఉంటుందా? వరస మీరు తప్పలేదండీ. నేను తిప్పేశాను."

నన్ను చూశారు. నేను కడిగిన వసారాని చూశారు. "నీ శుభ్రం నాశనమైపోనూ" అన్నారు.

అప్పుడొచ్చింది అరుపు. ఇన్నాళ్ళదీ ఒక్కసారే వచ్చింది. ఒకడి వరస ఇంకొకడు ముట్టుకోవచ్చా? పోయింది అని ఎలా చెప్పావ్? నేను ఏమైపోతాననుకున్నావ్? గాజుబొమ్మనా? పోలేదంటే ఆ సాయంత్రమే మళ్ళీ విప్పేవాణ్ణి కదా! నేనూ అరిచాను. విప్పేవాళ్ళా? మంచం ఎక్కేవాళ్ళు! నాకు తెలుసు! ఏం తెలుసు నీకు? అన్నీ తెలుసు! అత్తయ్య తలుపు చాటు నుంచి, "వీధంతా వింటున్నార్రా" అన్నారు. "విననీ!" అన్నాం ఇద్దరం.

తర్వాత ఆయన పదో నంబరు స్పానర్ కోసం చెయ్యి చాచారు. నేను పదో నంబరే ఇచ్చాను.

21, శుక్రవారం

ఎనిమిదీ మళ్ళీ తీశారు. స్పాంజిలా దిగినదాన్ని డబ్బాలోకి విసిరారు. మిగతావాటిని, కిటికీ గట్టు మీదిదాన్ని కూడా, వేటి గుంటల్లోకి వాటిని మార్చి, మూడో చోట కొత్తదాన్ని పెట్టారు. ఈసారి ట్రే పక్కనే కూర్చుని తిన్నారు, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని. చీపురు అత్తయ్య దాచేశారు.

మధ్యాహ్నానికి బిగించడం అయింది. తాళం తిప్పాను.

మొదట ఏమీ లేదు. తర్వాత ఉంది. టక్... టక్... పల్చగా, ఎక్కడో అడుగున. ఆయన చెవి ఒగ్గి నిలబడ్డారు. నన్ను అడగలేదు. నా వైపు చూడను కూడా లేదు.

"అమ్మా, వినిపిస్తోందా?"

అత్తయ్య నన్ను చూశారు. "నన్నడక్కు" అన్నారు. "దాన్నడుగు" అని నా వైపు చెయ్యి చూపారు.

ఆయన ఇంజిన్ మీద చెయ్యి ఆనించారు. నాకు అవమానంగా ఉంది. నా సొంత బండిలో కూర్చుని, ఎవరూ అడగని సాక్షిలా. చివరికి తలెత్తారు.

"నీకు?"

లేదు అంటే ఆ ముఖం వెలుగుతుంది. ఆ ముఖం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు, చూశాను. ఉంది అంటే ఏమవుతుందో కూడా చూశాను.

"ఉంది" అన్నాను. "కొంచెం. కానీ ఉంది."

ఆయన గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నారు, ఒక్కొక్క వేలూ విడివిడిగా. తుడిచినంతసేపూ నేను ఆయన మోకాళ్ళనే చూస్తున్నాను, ఇంటి వైపు తిరుగుతాయా అని.

"ఉంది" అన్నారు. "నాకూ వినిపిస్తోంది. గాలి అయుండాలి. తిరిగితే పోవాలి. పోకపోతే మళ్ళీ విప్పుతాను."

"సరే, తిప్పుకొస్తాను."

"నువ్వు వెళ్ళొచ్చి చెప్తే నేను నమ్మాలా?" అన్నారు. "నీ మాట మీద నాకు నమ్మకం లేదు. నేనే వస్తా."

నేర్పేటప్పుడు నేను కూర్చునే సీట్లో కూర్చున్నారు. కాళ్ళ దగ్గర రెండో బ్రేకు తగిలి విసుక్కున్నారు. నమ్మకం లేదన్న మాట గుచ్చుకుంది, ఎందుకు గుచ్చుకోదు? అయినా నేను కిక్కురుమనలేదు. క్లచ్ తొక్కాను. ఎన్ని వందల మందికి నేర్పానో, బండి కదపడం నేనే మర్చిపోయినట్టుంది. అత్తయ్య గేటు తీసి పట్టుకున్నారు. గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి తలుపు పిడి మీద బిగుసుకుంది. ఆపనా అని అడగలేదు. ఆపలేదు.

దాటాం.

సందు మలుపు. టక్ టక్. బడి ముందు నుంచి. టక్. పార్కు దగ్గర ఆయన అద్దం దించారు. కొత్త షాపేదో వచ్చిందే ఇక్కడ అన్నారు. అవును, వచ్చి చాలా రోజులైంది అన్నాను. ఈ రోడ్డు ఎప్పుడేశారు అన్నారు. చెప్పాను. వంతెన మీద గాలికి జుట్టంతా చెదిరిపోయింది. దువ్వుకోలేదు. అక్కణ్ణుంచి మిల్లు పొగగొట్టం కనిపిస్తుంది. దాన్ని చూశారు, నేనూ చూశాను. వంతెన దిగి చాలా దూరం వెళ్ళాక ఉన్నట్టుండి చెయ్యెత్తారు.

"ఆగు. విను."

విన్నాను. ఇంజిన్ గుసగుస తప్ప ఏమీ లేదు.

"ఎక్కడ పోయింది?" అన్నారు.

"తెలీదండీ" అన్నాను. "నేను వినట్లేదు."